ధరలు ఎగిసినా, పడినా పొదుపు నిలబడాలంటే: సిక్కోలు, విజయనగరం కుటుంబాలకు

విదేశీ సంస్థలు మన కేంద్ర ప్రభుత్వ బాండ్లు (ప్రభుత్వం అప్పు తీసుకుని, వడ్డీతో ఫలానా తేదీకి తిరిగిస్తానని ఇచ్చే పత్రాలు) కొంటున్న వార్తలు 2024 జూన్ నుంచి ఎక్కువయ్యాయి. ఆ నెల 28న అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్, పెద్ద ఫండ్లు చూసి కొనే తన వర్ధమాన దేశాల బాండ్ల సూచీలో భారత బాండ్లను చేర్చడం మొదలుపెట్టింది. సూచీలో మన వాటాను నెలకు ఒక శాతం చొప్పున పెంచుతూ 2025 మార్చికి పది శాతానికి తెచ్చింది. అప్పట్నుంచి నాలుగు రూపాయలు వెనకేసుకున్నవాళ్ళకు ఒక సందేహం పట్టుకుంది. ఆ విదేశీ సంస్థలు రేపు అమ్ముకుని పోతే మన బ్యాంకు డబ్బు గతేమిటి?

బ్యాంకు డబ్బు ఆవిరి కాదు. దెబ్బ వేరే దారుల్లో వస్తుంది. రూపాయి విలువ తగ్గి వంటనూనె, పెట్రోలు ధరలు పెరగడం ఒక దారి. వడ్డీ రేట్లు పెరిగి మన దగ్గరున్న పాత బాండు ధర పడిపోవడం రెండోది. దీనికి పూర్తి ఎదురు పరిస్థితి కూడా ఉంది: ధరలు పెరగడం ఆగిపోయి, దాంతోపాటే డిపాజిట్ల వడ్డీలు కరిగిపోవడం. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలమనేవాళ్ళ మాట మీద డబ్బు పెట్టొద్దు. మన చేతిలో ఉన్న పని ఒకటే. ఏ రూపాయి ఏ నెలలో కావాలో రాసుకుని, ఆ నెలకు చేతికొచ్చే పత్రంలోనే దాన్ని పెట్టాలి.

బాకీ ఎవరికి, ఏ కరెన్సీలో

దేశం బాకీ ఎంత అన్నదానికన్నా అది ఏ కరెన్సీలో ఉంది, ఎవరికి ఉంది అన్నవే పెద్ద ప్రశ్నలు. శ్రీలంక డాలర్లలో బాండ్లు అమ్మింది. డాలర్లు తాను ముద్రించుకోలేదు కాబట్టి 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పు చెల్లింపులు ఆపేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరుకి అక్కడ ధరల పెరుగుదల ఏడాదికి 70 శాతం దరిదాపుకి చేరింది. జపాన్ అప్పు ఆ దేశపు ఏడాది ఉత్పత్తికి రెండు రెట్లు దాటింది. అయినా అది యెన్‌లో ఉంది, ఎక్కువ భాగం సొంత కేంద్ర బ్యాంకు, బ్యాంకులు, బీమా సంస్థల దగ్గరే ఉంది. అక్కడి జనం పడ్డ ఇబ్బంది వేరు. 1990ల చివరి నుంచి ఏళ్ళ తరబడి ధరలు, జీతాలు, వడ్డీలు కదల్లేదు, కొన్నేళ్ళు తగ్గాయి కూడా. సొంత కరెన్సీ ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. రష్యా 1998 ఆగస్టులో రూబుళ్ళలో తీసుకున్న అప్పును కూడా ఎగవేసింది.

మన కేంద్ర ప్రభుత్వం డాలర్ బాండ్లు అమ్మదు. 2019 జూలై బడ్జెట్‌లో ఆ ఆలోచన వచ్చింది కానీ అమలు కాలేదు. ప్రపంచ బ్యాంకు, జపాన్ లాంటి చోట్ల తీసుకున్న దీర్ఘకాల రుణాలే విదేశీ కరెన్సీ బాకీలో ప్రధాన భాగం. రూపాయి బాండ్ల విషయానికొస్తే, 2020 ఏప్రిల్ నుంచి ఫుల్లీ యాక్సెసిబుల్ రూట్ కింద కొన్ని బాండ్లను విదేశీయులు పరిమితి లేకుండా కొనుక్కోవచ్చు. మిగతా కేంద్ర బాండ్లలో వాళ్ళకు 6 శాతం, రాష్ట్ర ప్రభుత్వ బాండ్లలో 2 శాతం గరిష్ఠ పరిమితి. ఇంత తలుపు తీసినా కేంద్ర బాండ్లలో విదేశీ సంస్థల వాటా 2025లో 3 శాతం దరిదాపులోనే ఉంది. మూడో వంతుకు పైగా మన బ్యాంకులది, నాలుగో వంతు బీమా సంస్థలది. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు, ప్రావిడెంట్ ఫండ్లు. బ్యాంకులు తమ దగ్గరున్న డిపాజిట్లలో కనీసం 18 శాతం ఇలాంటి పత్రాల్లో ఉంచి తీరాలన్నది నియమం. అంటే బ్యాంకులో ఎఫ్‌డీ, ఎల్‌ఐసీలో పాలసీ ఉన్న ప్రతి ఇల్లూ ఇప్పటికే సర్కారుకి అప్పిచ్చినట్టే.

మూడు శాతానికి ఇంత చర్చ ఎందుకంటే, సంతలో ధర కట్టేది ఆ రోజు అమ్మకానికొచ్చిన బస్తాలే గానీ గాదెలో ఉన్నవి కావు. 2013 మే నుంచి ఆగస్టు దాకా అదే జరిగింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన బాండ్ల కొనుగోళ్ళు తగ్గిస్తానని సూచన ఇవ్వగానే విదేశీ పెట్టుబడులు వెనక్కి మళ్ళాయి. మూడు నెలల్లోనే డాలరు 55 రూపాయల చుట్టుపక్కల నుంచి 68 దాటింది. పదేళ్ళ బాండుపై వడ్డీ రేటు 7 శాతం చిల్లర నుంచి 9 శాతానికి ఎక్కింది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పలాస జీడి ఫ్యాక్టరీలు ఆఫ్రికా గింజకు కట్టేదీ డాలర్లలోనే. రూపాయి పడితే ఈ మూడు చోట్లా వెంటనే తెలుస్తుంది.

ఈ లెక్క ఎవరైనా చూసుకోవచ్చు. విదేశీ సంస్థలు రోజువారీ ఎంత కొన్నాయో, ఎంత అమ్మాయో షేర్లు, బాండ్ల ఖాతాలు చూసే ఎన్‌ఎస్‌డీఎల్ వెబ్‌సైట్లో ఉంటుంది. ఏ బాండులో వాళ్ళ వాటా ఎంతో, బాండ్ల కొనుగోలు, అమ్మకాల చెల్లింపులు చూసే సీసీఐఎల్ సైట్లో పెడతారు. నెలకొకసారి చూస్తే సరిపోతుంది. వరసగా మూడు నెలలు అమ్మకాలు ఎక్కువై, రూపాయి కూడా జారుతుంటే, ఆ నెలల్లో కొత్తగా కొనేవాటి కాలం తగ్గించండి. పదేళ్ళదానికి బదులు ఏడాదిది కొనండి. ఉన్నవాటిని మాత్రం భయపడి అమ్మకండి. ఆ అమ్మకంతోనే నష్టం ఖాయమవుతుంది.

ముందు మీ ఇంటి లెక్క, తర్వాత మీ బాకీ లెక్క

ప్రభుత్వం చెప్పే ధరల పెరుగుదల దేశం మొత్తానికి సగటు. 2012ను ఆధారంగా తీసుకున్న సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతంగా ఉండేది. 2025 అక్టోబరులో కూరగాయలు, పప్పుల ధరలు పడిపోవడంతో ఆ సూచీ ప్రకారం ధరల పెరుగుదల 0.25 శాతానికి దిగింది, ఆ వరసలోనే అతి తక్కువ. కానీ విశాఖలో హాస్టల్లో పిల్లను చదివిస్తున్న చీపురుపల్లి కుటుంబానికి ఫీజు తగ్గలేదు, మందులూ తగ్గలేదు. అందుకే సొంత లెక్క కావాలి. కిరాణా, గ్యాసు, మందులు, స్కూలు ఫీజు, పెట్రోలు, కరెంటు, అద్దె, ఫోను: పోయిన ఏడాది ఇదే నెలలో వీటికి ఎంతైందో పాత పుస్తకం, ఫోన్‌పే చరిత్ర చూసి రాయండి. ఏడాదికోసారి కట్టే ఫీజును పన్నెండుతో భాగించి కలపండి. అప్పుడు 18,000, ఇప్పుడు 19,260 అయితే తేడా 1,260. అంటే మీ ఇంటి ధరలు 7 శాతం పెరిగాయి. మీ పొదుపుపై వచ్చే వడ్డీని ఈ అంకెతో పోల్చాలి, టీవీలో చెప్పేదానితో కాదు. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే ఇనప్పెట్టెలో దాచిన లక్ష పన్నెండేళ్ళకు సగం సరుకే తెస్తుంది.

తర్వాత బాకీలు. మన దగ్గర వడ్డీని నెలకు వందకు ఇంతని చెప్పుకోవడం అలవాటు కాబట్టి దాని బరువు కనబడదు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. ప్రభుత్వ బాండు ఇచ్చేది ఆరు, ఏడు శాతం, అంటే సుమారు అర్ధ రూపాయి వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి అప్పు ఉంచుకుని అర్ధ రూపాయి వడ్డీకి డబ్బు పెట్టడం అన్నది ఏ లెక్కలోనూ కుదరదు. ధరలు పడిపోయే కాలంలో ఇది ఇంకా ప్రమాదం. వడ్ల ధర, జీడిగింజ ధర, కూలి తగ్గినా అసలు, వడ్డీ ఒక్క రూపాయి తగ్గవు. నిన్న పది బస్తాలతో తీరే బాకీకి రేపు పన్నెండు కావాలి. రూపాయి దాటిన ప్రైవేటు బాకీలన్నీ తీర్చాకే కింద చెప్పినవి మొదలుపెట్టండి. బంగారం తాకట్టు బ్యాంకులో పంట రుణంగా తక్కువ వడ్డీకి ఉంటే దాన్ని ఆఖరున చూడొచ్చు.

బాండు ధర తక్కెడలా ఎందుకు ఊగుతుంది

"6.33 శాతం జీఎస్ 2035" అని ఉంటే, జీఎస్ అంటే ప్రభుత్వ సెక్యూరిటీ. 6.33 అనేది ఏడాది వడ్డీ, 2035 అసలు తిరిగొచ్చే సంవత్సరం. ముఖవిలువ 10,000 పెడితే ఏడాదికి 633 రూపాయలు, ఆరు నెలలకోసారి 316.50 చొప్పున రెండు విడతలుగా మీ ఖాతాలో పడుతుంది. చివరి దాకా ఉంచుకుంటే ఇందులో మార్పేమీ ఉండదు.

మధ్యలో అమ్మాలనుకుంటేనే చిక్కు. మీ దగ్గర 7 శాతం పదేళ్ళ బాండు ఉంది. బజారులో కొత్త బాండ్లు 8 శాతం ఇస్తున్నాయి. మీ 10,000 బాండును అప్పుడు 9,320కి మించి ఎవరూ కొనరు. కొత్తవి 6 శాతానికి దిగితే అదే బాండు 10,740 పలుకుతుంది. ముప్పై ఏళ్ళదైతే 8 శాతం దగ్గర 8,870కి పడిపోతుంది. 91 రోజుల ట్రెజరీ బిల్లు (ఏడాది లోపు తీరే ప్రభుత్వ అప్పు పత్రం) ఇదే మార్పుకి 10,000కి పాతిక రూపాయలు కూడా కదలదు. కాలం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుందన్నమాట.

ఈ లెక్క తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. ధరలు ఎగిసే కాలంలో దీర్ఘకాల స్థిర వడ్డీ పత్రం నష్టం. ధరలు పడే కాలంలో అదే గొప్ప రక్షణ, ఎందుకంటే మిగతా వడ్డీలన్నీ దిగినా దాని వడ్డీ దిగదు. రిజర్వు బ్యాంకు 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటును (తాను బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీని) 2023 ఫిబ్రవరికి 6.50కి తీసుకెళ్ళింది. మళ్ళీ 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపు 5.25కి దించింది. 2021లో తక్కువ వడ్డీకి పదేళ్ళ ఎఫ్‌డీలో డబ్బంతా కట్టేసినవాళ్ళు మొదటి మలుపులో దెబ్బతిన్నారు. 2024లో ఏడాదేసి ఎఫ్‌డీలే చేసినవాళ్ళు, రెన్యువల్ నాడు తగ్గిన వడ్డీ చూసి రెండో మలుపులో దెబ్బతిన్నారు. రెండూ ఉన్నవాళ్ళకు ఏ మలుపులోనూ మొత్తం పోలేదు.

కాలాన్ని బట్టి సర్దుకోవడం

మొదట అక్కరకు ఉంచుకునే సొమ్ము. ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మీద బతికే ఇంటికి మాత్రం ఏడాది ఖర్చు ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి పోయాక, కూలిన కొబ్బరి చెట్టు స్థానంలో కొత్తది కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. ఈ సొమ్ములో పది, పదిహేను రోజుల ఖర్చు నోట్లుగా ఇంట్లోనే ఉండాలి. తుఫాను తర్వాత కరెంటు, సెల్ టవరు, ఏటీఎం మూడూ ఒక్కసారే ఆగుతాయి. మిగతాది సేవింగ్స్ ఖాతాలోనూ, ఎప్పుడైనా విరగ్గొట్టుకోగల చిన్న ఎఫ్‌డీలలోనూ. రెండు లక్షల ఎఫ్‌డీ ఒకటి కాకుండా యాభై వేలవి నాలుగు చేయండి. ముందే తీస్తే సాధారణంగా అర నుంచి ఒక శాతం వడ్డీ కోస్తారు. నాలుగుంటే ఆ కోత ఒక్కదానికే పడుతుంది.

తేదీ తెలిసిన ఖర్చులకు ట్రెజరీ బిల్లుల్లాంటి సాధనం మరొకటి లేదు. ఇవి 91, 182, 364 రోజులవి, బుధవారం బుధవారం వేలం. విడిగా వడ్డీ ఉండదు, తగ్గింపు ధరకు కొని గడువు నాడు పూర్తి ముఖవిలువ తీసుకుంటారు. 5.5 శాతం రాబడి ఉన్న 364 రోజుల బిల్లు 10,000 ముఖవిలువకు సుమారు 9,480 పడుతుంది. మన పంటల క్యాలెండరుకి 182 రోజులది చక్కగా అమరుతుంది. డిసెంబరులో వడ్లమ్మిన డబ్బు పెడితే జూన్‌లో, సరిగ్గా స్కూలు ఫీజులకూ ఖరీఫ్ విత్తనాలకూ చేతికొస్తుంది.

ఐదేళ్ళు, ఆపైన ఆగగల డబ్బును ధరలు పెరిగినప్పుడు పనికొచ్చేది, పడినప్పుడు పనికొచ్చేది అని విడదీయాలి. ధరల పెరుగుదలకు నేరుగా ముడిపడ్డ బాండు మనకు ఇప్పుడు అమ్మకంలో లేదు. 2013 డిసెంబరులో వినియోగదారుల ధరల సూచీ మీద ఏడాదికి ఒకటిన్నర శాతం అదనంగా ఇచ్చే పదేళ్ళ పొదుపు పత్రం తెచ్చారు గానీ జనం పెద్దగా కొనలేదు. దానికి కొంత దగ్గరగా ఉండేది ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండు. ఏడేళ్ళది, కనీసం వెయ్యి రూపాయలు, గరిష్ఠ పరిమితి లేదు. దీని వడ్డీ పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ (జాతీయ పొదుపు పత్రం) రేటు కంటే 0.35 శాతం ఎక్కువ, జనవరి 1న, జూలై 1న మారుతుంది. 2025 రెండో సగానికి 8.05 శాతం. ఆ రేటుకి రెండు లక్షలు పెడితే ఆరు నెలలకు 8,050 వస్తుంది. పెద్ద బ్యాంకుల్లోనూ, కింద చెప్పబోయే ఆర్‌బీఐ వెబ్‌సైట్ రిటైల్ డైరెక్ట్‌లోనూ కొనొచ్చు. ఇక్కడ చాలామంది ఇరుక్కుపోతారు: అరవై దాటనివాళ్ళు ఏడేళ్ళ లోపు దీన్ని తీయలేరు, వేరొకరికి అమ్మలేరు. అరవై నుంచి డెబ్బై వయసువాళ్ళకు ఆరేళ్ళు, డెబ్బై దాటితే ఐదేళ్ళు, ఎనభై దాటితే నాలుగేళ్ళ తర్వాతే సెలవు, అదీ చివరి ఆరు నెలల వడ్డీలో సగం వదులుకుని.

ధరలు పడేటప్పుడు కాపాడేవి స్థిర వడ్డీవి: పదేళ్ళ ప్రభుత్వ బాండు, ఐదేళ్ళ ఎన్‌ఎస్‌సీ, అరవై దాటినవాళ్ళకు సీనియర్ సిటిజన్ పథకం. 2025 చివరి త్రైమాసికంలో ఎన్‌ఎస్‌సీ 7.7, సీనియర్ సిటిజన్ పథకం 8.2 శాతం. చేరిన రోజు రేటే గడువు దాకా ఉంటుంది. సీనియర్ పథకంలో ఒకరికి 30 లక్షల వరకు, ఆ రేటుకి లక్షకు మూడు నెలలకోసారి 2,050 రూపాయలు. పదవీ విరమణ చేసిన వాళ్ళు మొదట నింపాల్సింది ఇదే. పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి ఖాతా) మంచిదే కానీ దాని వడ్డీ (2025లో 7.1 శాతం) స్థిరం కాదు. ప్రభుత్వం త్రైమాసికానికోసారి మార్చగలదు, మారితే పాత నిల్వకూ కొత్త రేటే. ధరలు పడతాయన్న భయానికి పీపీఎఫ్ కొనడం అందుకే పొరపాటు.

రాజాంలో చిన్న దుకాణం, కొంత పొలం ఉన్న నలభై ఏళ్ళ కుటుంబానికి పది లక్షలు ఉన్నాయనుకుంటే మేమిలా సర్దుతాం. లక్షన్నర అక్కరకు. రెండున్నర లక్షలు మూడేళ్ళలోపు ఖర్చులకు ట్రెజరీ బిల్లులు, యాభై వేల ఎఫ్‌డీలుగా. రెండు లక్షలు ఫ్లోటింగ్ బాండు. రెండు లక్షలు పదేళ్ళ ప్రభుత్వ బాండు, ఒక్కసారిగా కాకుండా మూడు నెలలకోసారి యాభై వేల చొప్పున, ఏ ఒక్క రోజు రేటుకీ చిక్కకుండా. లక్ష బంగారం. లక్ష నిఫ్టీ ఇండెక్స్ ఫండులో (యాభై పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండు) నెలకు ఐదు వేల చొప్పున ఇరవై నెలలు. చివరి రెండూ పదేళ్ళు తాకకూడని డబ్బు.

బంగారం రూపాయి పతనానికి నిజమైన రక్షణ. అయితే నగలు కాదు. కాసు బంగారానికి తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్‌టీ కట్టి, అమ్మేనాడు వాటిలో ఒక్కటీ తిరిగి తెచ్చుకోలేరు. నాణెం, లేదా డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే ఖాతా) ఉంటే షేర్లలా కొనుక్కునే బంగారు ఫండు, గోల్డ్ ఈటీఎఫ్ నయం. బంగారం ధరకు ముడిపెట్టి ప్రభుత్వం అమ్మిన సావరిన్ గోల్డ్ బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తగా రాలేదు. ఎవరైనా కొత్త విడత అంటూ డబ్బడిగితే ఇవ్వొద్దు.

ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో పనిచేస్తుంటే, ఓడల మీద ఉంటే, వాళ్ళకు ఇంకో దారి ఉంది. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ అంటే డాలర్లలోనే పెట్టి డాలర్లలోనే తీసుకునేది, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా. ప్రవాసిగా ఉన్నంతకాలం వడ్డీపై ఇక్కడ పన్ను లేదు. వచ్చిన ప్రతి డాలరునూ అదే నెలలో రూపాయిలోకి మార్చేయకుండా నాలుగో వంతైనా ఇలా ఉంచుకుంటే రూపాయి పడినప్పుడు ఆ ఇల్లు తట్టుకుంటుంది.

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక పొదుపంతా స్థలాల్లోకే పోతోంది. ధరలు పెరిగేటప్పుడు భూమి నిలబెడుతుంది, నిజమే. ఆసుపత్రి ఖర్చుకి మాత్రం పది సెంట్లలో అర సెంటు అమ్మలేం.

రిటైల్ డైరెక్ట్‌లో బాండు కొనడం

ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనుక్కోవడానికి 2021 నవంబరు 12న మొదలైన ఆర్‌బీఐ వెబ్‌సైట్ రిటైల్ డైరెక్ట్‌లో ఏజెంటు అక్కర్లేకుండా ఎవరైనా ఖాతా తెరవచ్చు. ఖాతాకు రుసుము లేదు. 2024 మే నుంచి యాప్ కూడా ఉంది. పాన్, ఆధార్, సేవింగ్స్ ఖాతా, ఫోను, ఈమెయిలు దగ్గర పెట్టుకోండి. వివరాలు నింపి ఓటీపీ ఇచ్చాక కేవైసీ, ఆ తర్వాత బ్యాంకు ఖాతా జత, నామినీ పేరు. ఖాతా సరైనదో కాదో చూడటానికి ఒక చిన్న మొత్తం పంపి పేరు పోల్చుకుంటారు.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఆ పేరు దగ్గరే. పాన్‌లో ఇంటిపేరు పొడుగ్గా ముందు, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో చివర ఉంటుంది. రెండు పుట్టినతేదీలున్న పెద్దవాళ్ళూ తక్కువేం కాదు. మొదట ఆధార్‌ను సరిచేయించి, దాని ప్రకారం పాన్, ఆ తర్వాత బ్యాంకు పుస్తకం సరిచేయించుకోండి. వరస తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఖాతా వచ్చాక ప్రాథమిక మార్కెట్ విభాగంలో రాబోయే వేలాలు కనిపిస్తాయి. కేంద్ర బాండ్ల వేలం సాధారణంగా శుక్రవారం, రాష్ట్రాలవి మంగళవారం. ఆంధ్రప్రదేశ్ బాండ్లూ అందులో వస్తాయి, కేంద్రానికంటే వడ్డీ కాస్త ఎక్కువ. కనీసం 10,000, ఆపైన పదేసి వేల చొప్పున. ధర మీరు చెప్పనక్కర్లేదు. పెద్ద సంస్థలు పాడిన పాటల సగటు ధరకే మీకిస్తారు. వేలం రోజు ఉదయం దాకా ఆగకుండా ముందురోజే బిడ్ వేసి, జత చేసిన ఖాతా నుంచే యూపీఐ ద్వారానో నెట్ బ్యాంకింగ్ ద్వారానో డబ్బు కట్టండి. వేరే ఖాతా నుంచి కడితే చెల్లదు. అడిగినంత రాకపోతే మిగతా డబ్బు వెనక్కి వస్తుంది.

వేలంలో కాకుండా, ఇప్పటికే ఒకరి దగ్గరున్న బాండ్లు చేతులు మారే రెండో మార్కెట్లో కొంటే, పాతవాడు ఉంచుకున్న రోజుల వడ్డీ కలిపి కట్టాలి. ఇదేదో మోసం అనుకోకండి. తర్వాతి విడత ఆరు నెలల వడ్డీ పూర్తిగా మీకే వస్తుంది. అమ్మడం మాత్రం అంత తేలిక కాదు. పది, ఇరవై వేల చిన్న ముక్కలకు కొనేవాళ్ళు తక్కువ, నాలుగు రోజులు ఆగాల్సి రావచ్చు, ధరలోనూ కొంత వదులుకోవాలి. రెండేళ్ళలో పిల్ల పెళ్ళి పెట్టుకుని పదేళ్ళ బాండు కొనకూడదనడానికి ఇది రెండో కారణం. వడ్డీని మీ ఆదాయంలో కలిపి పన్ను లెక్కలో చూపించాలి.

ఎక్కడ పోతుంది

విదేశీయులు అమ్మినందుకు కంటే భద్రత లేని చోట పెట్టినందుకే ఈ జిల్లాల్లో ఎక్కువ డబ్బు పోయింది. బ్యాంకు డిపాజిట్‌కు బీమా 5 లక్షల వరకు, 2020 ఫిబ్రవరి 4 నుంచి. అది అసలు, వడ్డీ కలిపి, ఒక మనిషికి ఒక బ్యాంకులో. టెక్కలి శాఖలో నాలుగు, శ్రీకాకుళం శాఖలో నాలుగు ఉన్నా ఒకే బ్యాంకైతే మొత్తానికి ఐదే. పట్టణ సహకార బ్యాంకులకు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకు ఈ బీమా ఉంది. ఊళ్ళోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి లేదు. పేరులో "సొసైటీ", "నిధి" అని ఉన్నవాటికీ లేదు. రూపాయిన్నర వడ్డీ ఖాయమంటూ ప్రభుత్వ బాండ్ల పేరు వాడుకునే ఏజెంట్లు వస్తారు. ప్రభుత్వ బాండు ఏదీ ఏడాదికి 18 శాతం ఇవ్వదు. దానికి నగదు తీసుకుని రసీదు రాసిచ్చే మనిషి కూడా ఉండడు.

సంక్రాంతికి అందరూ ఇంటికి చేరినప్పుడు ఒక పూట కూర్చోండి. ఏ పత్రం ఎక్కడ ఉంది, గడువు ఎప్పుడు, నామినీ ఎవరు అని ఒక నోటుపుస్తకంలో రాసి, ఇంట్లో కనీసం ఇద్దరికి చూపించండి. గడువు దగ్గరపడ్డ పదేళ్ళ బాండును దాని చివరి రెండేళ్ళలో అక్కర సొమ్ము కింద లెక్కవేసి, కొత్త పదేళ్ళది ఒకటి చేర్చండి. బంగారం, ఇండెక్స్ ఫండు కలిపి మొత్తంలో మూడో వంతు దాటిపోతే ఎక్కువైన భాగం అమ్మి ఫ్లోటింగ్ బాండులో పెట్టండి. పోయిన పెద్దల పేరు మీద బ్యాంకుల్లో మరిచిపోయిన డిపాజిట్లుంటే ఆర్‌బీఐ ఉద్గమ్ పోర్టల్లో పేరు, పుట్టినతేదీ లేదా పాన్ ఇచ్చి వెతకొచ్చు. పేరు దొరికితే మరణ ధ్రువపత్రం, బ్యాంకు అడిగితే వారసత్వ పత్రం తీసుకుని ఆ బ్యాంకు శాఖకే వెళ్ళాలి.